ముత్తమ్మ వేసిన కేసు

ఇండియన్ ఫారిన్ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. కొడగులోని విరాజ్‌పేటలో 1924లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయినా, తల్లి పట్టుబట్టి పిల్లలను చదివించింది.

ఈ ఉద్యోగం ఆడవాళ్లకు తగదని ఇంటర్వ్యూలోనే ఆమెను వెనక్కి లాగబోయారు. 1949లో చేరేటప్పుడు, పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని రాయించుకున్నారు. మగవాళ్లకు మాత్రం అలాంటి షరతే లేదు!

పారిస్, రంగూన్, లండన్... ఎక్కడ వేసినా పనిచేశారు. 1970లో హంగరీకి రాయబారిగా వెళ్లారు. ఆ తర్వాత పదోన్నతి ఆపేస్తే, నేరుగా సుప్రీంకోర్టు తలుపు తట్టారు. సర్వీసులో ఉంటూ ప్రభుత్వం మీదే కేసు వేయడానికి ఎంత గుండెధైర్యం కావాలి!

కేసు నడుస్తుండగానే పదోన్నతి ఇచ్చేశారు. దాంతో 1979లో కోర్టు పిటిషన్‌ను కొట్టేసింది. కానీ వ్యవహారాన్ని అక్కడితో వదిలిపెట్టలేదు. పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే నిబంధన మహిళలకే ఎందుకని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గట్టిగా నిలదీశారు. వివక్ష చూపే నిబంధనలన్నిటినీ సవరించమని ప్రభుత్వానికి చెప్పారు.

ముత్తమ్మ నెదర్లాండ్స్‌లో రాయబారిగా పనిచేసి, 1982లో రిటైరయ్యారు. 2009లో కన్నుమూశారు.

సివిల్స్‌కు చదువుతున్న అమ్మాయిలు మీ ఇంట్లో ఉంటే, ఈ ఉదయం వాళ్లకు ముత్తమ్మ గురించి చెప్పండి.