ఆదర్శము చేతులు మారుట

యౌవనమున ఆదర్శము పుట్టుట వింత కాదు, పుట్టకుండుటయే వింత. విచారింపవలసినది వేరొకటి కలదు. ఒకని హృదయమున రగిలిన భావము వేలకొలది జనుల ఆచారముగా ఎట్లు పరిణమించును? ఉపన్యాసములచే నని కొందరందురు. అధికారముచే నని మరికొందరు. భిలాయి చరిత్ర ఈ రెండింటిని సమర్థింపదు.

సోవియట్ దేశముతో 1955లో కుదిరిన ఒడంబడిక ననుసరించి అచ్చట ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. తెలుగువారు మొదలుగా నానా ప్రాంతముల యువకులు జీవనోపాధికై ఆ ఊరు చేరిరి. బెంగాలునుండి వచ్చిన శంకర్ గుహ నియోగి వారిలో నొకడు. 1943లో జన్మించిన అతడు కోక్ ఓవెన్ల విభాగమున పనిచేసెను. ఆ కొలువు పోయిన పిమ్మట అతడు చేసిన పని గమనింపదగినది. కూలివారికి బోధించుటకు పోలేదు. దానీటోలా గనిలో తానే కూలివాడయ్యెను. వారి భాష, వారి తిండి, వారి అలసట తనవి చేసికొనెను. పుస్తకములనుండి తెచ్చుకొన్న సిద్ధాంతము ఇచ్చట మెత్తబడి, మనుష్యులకు సరిపడు రూపము పొందెను. అతని రాజకీయాభిప్రాయములు అందరికిని సమ్మతములు కాకపోవచ్చును. అది వేరు విషయము.

భిలాయికి ఇనుప ఖనిజము నందించు దల్లీ రాజ్‌హరా గనుల కార్మికులు 1977లో అతనిని నాయకునిగా స్వీకరించిరి. ఆ జూన్ 2, 3 తేదీలలో పోలీసు కాల్పులకు పదునొకండుగురు బలియైరి. తరువాత కూలి పెరిగెను. కాని పెరిగిన కూలి కల్లుపాకలకును సారా దుకాణములకును ప్రవహింప సాగెను! సామాన్య నాయకుడైనచో ఇది తన బాధ్యత కాదని ఊరకుండెడివాడే. హక్కు సంపాదించి యిచ్చిన వానికి ఆ హక్కు ఏమైనదో చూచు బాధ్యత కలదా? కలదనియే నియోగి తలచెను. మద్యనిషేధము పైనుండి విధించిన శాసనము కాలేదు. కార్మికులును, ముఖ్యముగా స్త్రీలును, దానిని తమ వ్రతముగా చేపట్టిరి. ఆదర్శము చేతులు మారిన ఘట్టమిదియే.

అటుపిమ్మట కార్మికులు చందాలు పోగుచేసి, పని ముగిసిన వేళల శ్రమదానము చేసి, ఆస్పత్రి కట్టుకొనిరి. మృతవీరుల స్మృతిగా 1983 జూన్ 3వ తేదీన షహీద్ ఆస్పత్రి తెరువబడెను. పట్టణముల సుఖము విడిచి యువవైద్యులు కొందరు అచ్చటికి వచ్చిరి. కార్మిక కుటుంబముల బిడ్డలకు రోగిసేవ నేర్పిరి. అట్లు నేర్చినవారు మరల ఇతరులకు నేర్పిరి.

1991 సెప్టెంబరు 28న భిలాయిలో తన నివాసమున నిద్రించుచున్న నియోగిని దుండగులు కాల్చి చంపిరి. ఆస్పత్రి మూతపడలేదు.