శుక్తియు పురుషకారమును

శుక్తియందు రజతము భాసించుటను దృష్టాంతముగా గైకొని మన అద్వైతాచార్యులు జగత్తును గూర్చి శతాబ్దుల తరబడి విచారించిరి. కాని వెండివలె తోచిన యా చిప్ప తానెట్లు ఏర్పడినదో, దాని రూపమునకు కర్త యెవరో విచారింప బూనినచో, మరియొక ప్రాచీన ప్రశ్న మన యెదుట నిలుచును: జీవుని మలచునది స్వభావమా, పరిసరమా?

మాగాయకై మామిడికాయల చెక్కు తీయుటకు మన యిండ్లలో ఏటి ఆల్చిప్పను బండపై అరగదీసి నడుమ రంధ్రము చేసెడివారు. ఆ రంధ్రపుటంచును నిదానించి చూచినచో చిప్ప నిర్మాణము గోచరించును: వెలుపల ముదురువన్నె పలుచని పొర, అది మాంసకృత్తులతో నైనది, దాని క్రింద నిలువు స్ఫటికములతో కూడిన సున్నపు పొర, అన్నిటికంటె లోపల ముత్యపు నిగారింపుగల పొర. ఈ కడపటిది, మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు మందముగల ఫలకములు ఒకదానిపై నొకటి పేరుకొనగా ఏర్పడినది. వెండి యను భ్రాంతిని గొలుపు కాంతికి కారణము లోహమేదియు గాదు, ఈ అమరికయే.

సున్నము ఏటిది, నీటినుండియు ఆహారమునుండియు ప్రాణి దానిని గ్రహించును. అయినను నీట కరగియున్న సున్నము తనంతట తాను చిప్ప కాజాలదు. దేహమును కప్పియుండు మెత్తని మాంసపు పొర దానిని స్రవించి కూర్చవలెను. కావున ఏరు ఉపాదానము నిచ్చినది, ప్రాణి నిమిత్తమైనది.

అట్లని ఏటి పాత్ర అంతటితో ముగియదు. అమెరికాలో ఒహాయో మొదలగు నదుల జీవులను పరిశీలించిన ఆర్నాల్డ్ ఆర్ట్‌మన్ 1920లో ప్రకటించిన వ్యాసమున, కొన్ని జాతుల చిప్పలు ఎగువ వాగులలో బల్లపరుపుగాను, దిగువ మహానదులలో ఉబ్బెత్తుగాను ఉండుటను, నడిమి తావులలో మధ్యస్థరూపములు వరుసగా కానవచ్చుటను చూపెను. ఇట్లు ఏరు రూపమును మార్చగలదు. కాని ఒకే మడుగున ప్రక్కప్రక్కనే పెరిగిన రెండు జాతులు, ఒకే నీటిని త్రాగియు, తమ తమ లక్షణములను విడువవు. కాలము, స్వభావము, నియతి, యదృచ్ఛ మున్నగువానిని జగత్కారణములుగా ఎంచి చూచిన శ్వేతాశ్వతరోపనిషత్తు వానితో తృప్తి చెందక ముందుకు సాగుటలోని ఔచిత్యము ఇచ్చట స్ఫురించును.

ఇంతకంటెను విలువైన సంగతి మరియొకటి కలదు. కట్టి ముగిసిన చిప్ప ఆకృతిని ప్రాణి తిరిగి మార్చజాలదు. గడచిన ఋతువుల రేఖలు దానిపై నిలిచియే యుండును. పెరుగుదల అంచునందే జరుగును. ఇది ప్రారబ్ధమును తలపించుచున్నది. అయినను లోపలివైపున ముత్యపు పొరను చేర్చుట జీవితాంతము సాగుచునే యుండును. ఆమ్లజలము కీలు చెంతనున్న పాత భాగమును వెలుపలినుండి తినివేయుచున్నను, ప్రాణి లోనుండి క్రొత్త పొర నిచ్చి దానిని నిలుపుకొనును. గతము మారదు గాని, గతమునకు లోపలినుండి బలము చేకూర్చుట సాధ్యమే; ఈ స్వప్రయత్నమే పురుషకారము.

పరిసరమే నన్నిట్లు చేసినదని చెప్పువాడు అసత్య మాడుట లేదు; నన్ను నేనే నిర్మించుకొంటినని గర్వించువాడు మాత్రము తన దేహములోని సున్నము ఏ యేటిదో మరచినవాడు. కనుక మన లోపములను విచారించునపుడు పురుషకారమును, ఇతరుల లోపములను విచారించునపుడు వారు పెరిగిన నీటిని ముందుగా స్మరించుట న్యాయము. ఆ నీటిని శుద్ధి చేయ బూనుట ధర్మము.