నిలబడటానికీ నిలబెట్టడానికీ మధ్య

తెలుగు క్రియల్లో చాలావాటికి జంటలుంటాయి. పాప లేస్తుంది, అమ్మ పాపను లేపుతుంది. పాప నడుస్తుంది, అమ్మ నడిపిస్తుంది. పాప నిలబడుతుంది, అమ్మ పాపను నిలబెడుతుంది. చూసేవాళ్లకు ఈ చివరి రెండు వాక్యాల్లో కనిపించే దృశ్యం ఒకటే: రెండు పాదాల మీద ఊగుతూ నిటారుగా ఉన్న పసిబిడ్డ. వ్యాకరణానికి మాత్రం అవి వేర్వేరు సంగతులు. మొదటిదానిలో పాప కర్త. రెండోదానిలో ‘ను’ ప్రత్యయం తగిలి కర్మగా మారింది. పని ఆమె మీద జరుగుతోంది. పాణిని కర్తను నిర్వచించేటప్పుడు స్వాతంత్ర్యాన్నే లక్షణంగా చెప్పాడు. ఆ వెంటనే మరో సూత్రంలో, కర్త చేత పని చేయించే ప్రయోజకుణ్ణి విడిగా గుర్తించాడు. ఏడాది నిండీ నిండని బిడ్డ లేచి నిలబడే ఘట్టంలో పెద్దవాళ్లు ఏ స్థానంలో ఉండాలన్నది పెంపకానికి సంబంధించిన చిన్న సందేహంలా కనిపిస్తుంది. ఒకరి ఎదుగుదలకు మరొకరు ఏ మేరకు కారణం కాగలరు, కారణమవుతూనే ఆ ఎదుగుదలను వాళ్లదిగా ఎలా ఉండనివ్వగలరు అన్న పాత తాత్త్విక ప్రశ్నే అది.

ముందు నిలబడటమంటే ఏమిటో చూడాలి. బిడ్డ ఒకరోజు హఠాత్తుగా నిలబడదు. బోర్లా పడుతుంది, పాకుతుంది, దోగాడుతుంది. మంచం కోడో కుర్చీ అంచో దొరికితే మోకాళ్ల మీదికి లేస్తుంది. ఒక పాదాన్ని ముందుకు తెచ్చి, నేలను కిందికి తోసి, శరీరాన్ని పైకి లాక్కుంటుంది. ఆ తర్వాత అసలు కష్టం మొదలవుతుంది: దిగడం. చేతులు వదిలితే పడతానని తెలుసు, మోకాళ్లు ఎలా మడవాలో ఇంకా తెలియదు. పెద్దలు చంకల కింద చేతులు వేసి నిలబెట్టిన పసివాళ్లు ఊచలు పట్టుకుని నిలబడి ఏడవడం చాలా ఇళ్లలో చూసేదే. పైకి వెళ్లే దారి వాళ్లు వేసుకున్నది కాదు కాబట్టి కిందికి వచ్చే దారి వాళ్ల దగ్గర లేదు. తనంతట తాను లేచిన బిడ్డ అప్పటికే సగం లేచి కూలబడటం, పిర్రల మీద చతికిలబడటం వందలసార్లు చేసి ఉంటుంది. పడటం ఈ విద్యలో పాఠమే. నడక నేర్చుకుంటున్న పసివాళ్లు ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడుతున్నారని కరెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 2012లో లెక్కగట్టి చెప్పారు. ఇన్నిసార్లు పడి, ఇన్నిసార్లు లేచే ఓపిక పెద్దవాళ్లలో ఎవరికీ ఉండదు.

ఈ పనికి నిర్ణీతమైన తేదీ ఉందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికాల్లో 816 మంది ఆరోగ్యవంతులైన పిల్లలను గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మన దేశం నుంచి అందులో ఉన్నది ఢిల్లీ పిల్లలు. పట్టు లేకుండా ఒంటరిగా నిలబడటం సుమారు 7వ నెలకే మొదలైనవాళ్లున్నారు, 17వ నెల దగ్గర పడేదాకా ఆగినవాళ్లూ ఉన్నారు. అంటే బాగా ఉన్న పిల్లల మధ్యనే పది నెలల తేడా. దోగాడటం మరీ విచిత్రం: నూటికి నలుగురికి పైగా పిల్లలు అసలు చేతులూ మోకాళ్ల మీద దోగాడకుండానే నడకలోకి వెళ్లారు. పక్కింటి పాప పదో నెలలో నిలబడింది, మనవాడు పదమూడులో కూడా గోడ వదలడం లేదు అని పడే బెంగకు ఈ అంకెల ముందు ఆధారం లేదు. ఆర్నాల్డ్ గెసెల్, హెలెన్ థాంప్సన్ 1929లో ప్రకటించిన కవల ఆడపిల్లల అధ్యయనం కూడా ఇదే దిశలో వెలుగు చూపింది. ఒక పాపకు 46వ వారం నుంచి ఆరు వారాలపాటు రోజూ మెట్లెక్కడం నేర్పారు. రెండో పాపకు 53వ వారంలో మొదలుపెట్టి రెండు వారాలే నేర్పారు. వెనక వచ్చిన పాప ముందు పాపను అందుకుంది. ఒక్క జంటతో సిద్ధాంతం నిలవదు, నిజమే. కానీ శరీరం సిద్ధం కాకముందు పోసిన శ్రమలో చాలా భాగం ఇసుకలో పోసిన నీరేనని అది గట్టిగా సూచిస్తుంది.

నీరు అన్నాను కాబట్టి పతంజలి దగ్గరికి వెళ్లాలి. యోగసూత్రాల కైవల్యపాదం మొదట్లో ఆయన ఒక కఠినమైన ప్రశ్న ఎత్తుకుంటాడు: ఒక జీవరూపం మరో రూపంగా పరిణమించేటప్పుడు పుణ్యకర్మ వంటి నిమిత్తాలు ప్రకృతిని ముందుకు తోస్తాయా? తోయవంటాడు. నిమిత్తం అప్రయోజకం, అడ్డును తొలగించడమే దాని పని, పొలంలో రైతులాగా. వ్యాసభాష్యం ఆ రైతును ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది. నిండిన మడి నుంచి పక్క మడికి నీరు పారించాలనుకున్న రైతు నీటిని దోసిళ్లతో మోయడు. గట్టు తెరుస్తాడు, నీరు తానే వెళ్తుంది. ఆ నీటినీ మట్టి సారాన్నీ పైరు వేళ్లలోకి అతను ఎక్కించలేడు. కలుపు తీస్తాడు, వేళ్లు తామే తాగుతాయి. మడవ తీయడం, కలుపు తీయడం ఎంత నడుంనొప్పి పనో పొలం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇది ఊరుకుని కూర్చోవడం కాదు. అయినా మొలకను ఎవరూ చేత్తో పట్టి పైకి లాగరు. సూత్రం చర్చించే సందర్భం వేరు, పసిబిడ్డల గురించి కాదు. కానీ సాయానికి అంతకన్నా ఖచ్చితమైన నిర్వచనం నాకు మరెక్కడా దొరకలేదు. మన భాషలో ‘అప్రయోజకుడు’ అంటే ఎందుకూ పనికిరానివాడు, ‘ప్రయోజకుడు’ అంటే తన కాళ్ల మీద నిలబడ్డవాడు. పతంజలి వాడిన అర్థంలో చూస్తే, బిడ్డ మన అర్థంలో ప్రయోజకుడు కావాలంటే పెద్దల సాయం అప్రయోజకంగా ఉండాలి. నా వాదమంతా ఈ ఒక్క వాక్యమే.

దీని మీద మొదటి అభ్యంతరం బలమైనది. బిడ్డను తన వేగానికి వదిలేయమనడం నిర్లక్ష్యానికి అందమైన పేరు కాదా? వేన్ డెన్నిస్ టెహ్రాన్ అనాథ శరణాలయాల్లో చూసి 1960లో రాసినది ఈ అభ్యంతరానికి గొప్ప ఆధారం. అక్కడ కొన్ని సంస్థల్లో పసివాళ్లు రోజంతా మంచాల్లో వెల్లకిలా పడి ఉండేవారు. ఎత్తుకునేవాళ్లు, ఆడించేవాళ్లు లేరు. రెండేళ్లు దాటినా చాలామంది నడవలేకపోయారు. వాళ్లను ఎవరూ తొందరపెట్టలేదు, అయినా ఆ పిల్లలు లేవలేదు. కాలం ఒక్కటే బిడ్డను నిలబెట్టదని దీనితో తేలిపోయింది. అయితే దీని పక్కనే మరో శిశుగృహాన్ని పెట్టి చూడాలి. హంగరీ శిశువైద్యురాలు ఎమ్మీ పిక్లర్ 1946లో బుడాపెస్ట్‌లోని లోట్సీ వీధిలో, యుద్ధం తర్వాత తల్లిదండ్రుల తోడు లేని పసివాళ్ల కోసం దాన్ని మొదలుపెట్టారు. అక్కడ ఎవరూ బిడ్డను దిండ్ల మధ్య కూర్చోబెట్టేవారు కాదు, వేళ్లు పట్టించి నిలబెట్టేవారు కాదు. బిడ్డ తనంతట తాను చేరుకోలేని భంగిమలో బిడ్డను పెట్టకూడదన్నది ఆమె నియమం. ఆ పిల్లలు కూర్చున్నారు, నిలబడ్డారు, నడిచారు. రెండు చోట్లా పిల్లలు సంస్థలో పెరిగినవాళ్లే, రెండు చోట్లా నిలబెట్టేవాళ్లు లేరు. తేడా అంతా మిగతా వాటిలో ఉంది. లోట్సీలో గట్టి నేల ఉంది, కదలడానికి చోటుంది, వదులైన బట్టలున్నాయి, అందుకోవాలనిపించే వస్తువులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా స్నానం పోసేటప్పుడు, తినిపించేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు బిడ్డ ముఖంలోకి చూస్తూ, ఎత్తుకోబోయే ముందు ఆ మాట చెప్పి ఎత్తుకునే దాది ఉంది. టెహ్రాన్‌లో గట్టు తెరవలేదు. లోట్సీలో తెరిచారు. నీటిని మోయకపోవడం మాత్రం రెండింటికీ సమానం. కాబట్టి వదిలేయడం, తొందరపెట్టకపోవడం ఒకటి కావు. బిడ్డ చుట్టూ ఎవరున్నారు, ఎలా ఉన్నారు అన్న చోట అవి విడిపోతాయి.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, దాన్ని తేలిగ్గా దాటడం నాకు ఇష్టం లేదు. ‘తన వేగం’ అనేది అసలు ఉందా? చార్లెస్ సూపర్ 1970లలో కెన్యాలోని కిప్సిగిస్ ప్రజల మధ్య పనిచేసి, అక్కడి తల్లులు పసివాళ్లకు కూర్చోవడం, నడవడం పనిగట్టుకుని నేర్పుతారనీ, ఆ పిల్లలు ఆ పనుల్లో అమెరికా పిల్లలకన్నా దాదాపు నెల ముందుంటారనీ చూపించాడు. నేర్పని పనుల్లో, ఉదాహరణకు దోగాడటంలో, ఆ ముందడుగు లేదు. అంటే వేగం సంస్కృతిని బట్టి మారుతుంది. ఎస్తర్ థెలెన్ ప్రయోగం మరీ కలవరపెడుతుంది. అప్పుడే పుట్టిన బిడ్డను నిటారుగా పట్టుకుంటే కాళ్లు అడుగులేస్తున్నట్టు కదులుతాయి. రెండు నెలలయ్యేసరికి ఆ కదలిక మాయమవుతుంది. మెదడు ఎదిగి దాన్ని అణచేస్తోందని చాలాకాలం అనుకున్నారు. థెలెన్ ఆ బిడ్డలను ఛాతీ దాకా గోరువెచ్చని నీళ్లలో ఉంచింది. అడుగులు తిరిగొచ్చాయి. పోయింది అడుగు కాదు; కొవ్వు పట్టిన కాళ్ల బరువు మోసే బలం చాలలేదు, అంతే. బిడ్డ లోపల ఎక్కడో ఒక గడియారం ఉండి అది మోగినప్పుడు బిడ్డ లేస్తుందన్న ఊహ ఈ నీళ్లలో కరిగిపోతుంది. లేవడమన్నది కండ, ఎముక, బరువు, నేల, కుర్చీ ఎత్తు, అటువైపు పిలిచే ముఖం అన్నీ కలిసినప్పుడు జరిగేది. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక నా వాదం కూలిపోదు, కొంచెం శుభ్రపడుతుంది. సొంత వేగమంటే ముందే రాసిపెట్టిన తేదీ కాదు. చేసే పని చేసేవారిదై ఉండటం. కిప్సిగిస్ తల్లి ఒక నెల ముందుకు తెస్తే అందులో పాపమేమీ లేదు. ఆమె ఒళ్లో, ఆమె ఆటలో బిడ్డ కాళ్లు తామే తన్నుతున్నాయి, బరువు తామే మోస్తున్నాయి. మన ఇళ్లలో నూనె రాసి కాళ్లు సాగదీసి నలుగుపెట్టే అమ్మమ్మ చేతులూ అంతే. ఆ చేతులు నేలలాంటివి. దానికి ఎదురుగా చక్రాల వాకర్‌ను చూడండి. బిడ్డ అందులో వేలాడుతుంది, మునివేళ్లతో నేలను నెడుతుంది, తన పాదాలు తనకు కనిపించవు, పడి నేర్చుకునే అవకాశమే లేదు. నడిచినట్టుంటుంది, నడక మాత్రం బండిది. మెట్ల మీద నుంచి దొర్లి జరిగిన ప్రమాదాల వల్ల కెనడా 2004లో ఆ వాకర్ల అమ్మకాన్నే నిషేధించింది. మన పాత చెక్క మూడు చక్రాల బండి దానికి దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది గానీ, దాన్ని పట్టుకోవాలంటే బిడ్డ ముందు తానే నిలబడి ఉండాలి.

మూడోది వైద్యుల ప్రశ్న. ఎదురుచూస్తూ కూర్చుంటే జబ్బు చేజారదా? చేజారుతుంది. పద్దెనిమిది నెలలు నిండాక కూడా నడక లేకపోయినా, ఒక కాలు ఈడ్చుతున్నా, ఒళ్లు బిగుసుకుపోతున్నా, మరీ వదులుగా వేలాడుతున్నా, వచ్చిన పని పోయినా, అది వేగం సంగతి కాదు. ఆ రోజే చూపించాలి. అడ్డు తొలగించడమే సాయమన్నప్పుడు ఆ అడ్డు శరీరంలోనే ఉంటే వైద్యం దాన్ని తొలగించే మార్గం. అంగన్‌వాడీల్లో పిల్లల ఎదుగుదల పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉన్నది ఇందుకే.

భక్తుల వైపు నుంచి ఒక మాట వినిపిస్తుంది, అది నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. పసిబిడ్డ పూర్తిగా పరాధీన. అంత పరాధీనకు స్వాతంత్ర్యం అంటగట్టడం అహంకారం కాదా? శ్రీవైష్ణవంలో భగవదనుగ్రహం గురించి వడగలై, తెంగలై సంప్రదాయాల మధ్య నడిచిన వాదం ఇక్కడ గుర్తొస్తుంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకోవాలి అన్నది ఒక పక్షం. పిల్లికూనకు ఆ పట్టు కూడా అక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది అన్నది రెండో పక్షం. సంసారం దాటించే విషయంలో ఏది సరైనదో తీర్పు చెప్పే యోగ్యత నాకు లేదు. కానీ రెండు ఉపమానాల్లోనూ దాటేది తల్లి కాళ్లే. నిలబడటం అలా ఒకరు దాటించగలిగేది కాదు. అందుకే నేను మళ్లీ పాణిని దగ్గరికే వెళ్తాను. ఆయన కర్త స్వతంత్రుడే, కానీ ఏకాకి కాదు. అతనికి కరణం, అంటే సాధనం, కావాలి; అధికరణం, అంటే పని జరిగే చోటు, కావాలి. గొడ్డలి లేకుండా నరకలేనంత మాత్రాన నరికేవాడు కర్త కాకుండా పోడు. బిడ్డకు ఇల్లంతా కావాలి: పట్టుకోవడానికి గోడ, పడితే దెబ్బ తగలని చాప, లేస్తే చూసి మురిసే కళ్లు. ఆ ఆధారపడటం బిడ్డ కర్తృత్వాన్ని ఇసుమంతైనా తగ్గించదు. తల్లి అధికరణంగా ఉండవచ్చు, వేలందిస్తే కరణంగానూ ఉండవచ్చు. ఆ వేలును పట్టుకోవడం, వదలడం బిడ్డ చేతిలో ఉన్నంతవరకు వాక్యం ‘నిలబడుతుంది’ అనే ఉంటుంది.

ఇదంతా మన ఇళ్లకు తెలియనిది కాదు. షోడశ సంస్కారాల్లో నామకరణం, నిష్క్రమణ, అన్నప్రాశన ఉన్నాయి. వాటికి నెలలున్నాయి, ముహూర్తాలున్నాయి. నిలబడటానికీ నడకకూ సంస్కారం లేదు. దానికి బదులు ఆడవాళ్ల చేతుల్లో పెరిగిన వేడుకలున్నాయి: బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులకు అరిసెలు. వీటికి పంచాంగం చూడరు. అరిసెలకు బియ్యం ముందురోజు నానాలి, తడిపిండి కొట్టాలి, బెల్లం పాకం కుదరాలి. ఎంత తొందరపడ్డా ఒక రోజు పడుతుంది. అయినా ఎవరూ బియ్యం ముందుగా నానబోసుకుని కూర్చోరు. బిడ్డ గోడ వదిలి అడుగు వేసిందని కేక వినిపించాకే కుంచం కోసం వెతుకుతారు.