దానం వాడుకతో పెరుగుతుందా?

పూజ కోసం ఇచ్చిన రాయి ప్రదర్శనకు చేరాక, ఆ దానం ఇంకా బతికున్నట్టేనా? నాగార్జునకొండ మ్యూజియంలోని సున్నపురాతి ఫలకాలు ఈ ప్రశ్న వేస్తాయి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో ఆయన మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద బౌద్ధ స్తూపానికి, స్తంభాలు నిలబెట్టించింది. పుట్టింటికీ మెట్టినింటికీ ఇహపరాల్లో మేలు కలగాలనీ, తనకు నిర్వాణం దక్కాలనీ ప్రాకృతంలో చెక్కించింది. సుమారు 1,700 ఏళ్ల తర్వాత నాగార్జునసాగర్ ఆనకట్ట రానుండటంతో 1954 నుంచి 1960 వరకు లోయను తవ్వి, దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. లోయ మునిగింది, కొండ దీవి అయింది.

ఈ ప్రశ్నకు దగ్గరి వాదమొకటి పాళీ బౌద్ధ గ్రంథం కథావత్థులోనే ఉంది. వాడుకతో పుణ్యం పెరుగుతుందన్నది రాజగిరిక, సిద్ధార్థిక శాఖల మతమని దాని వ్యాఖ్య చెబుతుంది. ఆ వ్యాఖ్య అంధకులని పిలిచిన ఆంధ్రదేశపు శాఖలివి. చాంతిసిరి దానాన్ని అందుకున్న అపరశైలులూ ఆ కూటమివారే. వాడుకతో పుణ్యం పెరుగుతుందన్న మాటను థేరవాదులు ఒప్పుకోలేదు. పుణ్యం ఇచ్చేవారి చేతనలో, అంటే సంకల్పంలో, ఉంటుంది, ఇచ్చిన వస్తువును రాజులు లాక్కున్నా, నీళ్లు కొట్టుకుపోయినా అది చెరగదన్నారు. మునిగిన లోయ విషయంలో ఇంతకన్నా ఊరటనిచ్చే మాట లేదు. దాత వరకు ఆ మాట సరైనదే. కానీ దానంగా ఇచ్చిన వస్తువు పట్ల మన బాధ్యతేమిటో అది చెప్పదు. చేతనతోనే అంతా ముగిస్తే, ఆ రాళ్లు నీటి అడుగునే ఉండిపోయినా ధర్మపరంగా లోటేమీ లేనట్టే. దీన్ని నా మనసు ఒప్పుకోదు. చాంతిసిరి ఇచ్చింది రాతిని మాత్రమే కాదు, వచ్చేవారికి ఒక వాడుకను కూడా. అందుకే ఈ విషయంలో నేను అంధకుల పక్షం.

పర్యాటకుడి చూపు పూజ ఎలా అవుతుందని అడగవచ్చు. పూజ కాదు, నిజమే. కానీ ఆ శిల్పాలను పూజ కోసమే చెక్కలేదు. శిబి కథ, మాంధాత కథ, బుద్ధుడి మహాభినిష్క్రమణ వరుసగా చెక్కింది ప్రదక్షిణ చేసేవారు చూసి తెలుసుకోవడానికి. చూపు మొదటినుంచీ ఆ వాడుకలో భాగమే. పైగా ఆనాడు స్తూపం చుట్టూ తిరిగినవారంతా నిర్వాణం కోరే వచ్చారని ఎవరనగలరు? మ్యూజియంలో పోయింది ప్రదక్షిణ. నడకతో పాటు సాగే కథ గోడవారగా ఆగిపోయింది. ఇది చిన్న నష్టం కాదు, దీపధూపాలు లేకపోవడం కన్నా పెద్దది. దాన్ని కొంతైనా పూడ్చగలిగేది చూసేవారి ఓపికే. అక్కడికి వెళ్లేవారు తిరుగు లాంచీ కోసం పరుగెత్తకండి. ఒక్క ఫలకం దగ్గరైనా ఆగి, కథను మొదలు నుంచి చివరిదాకా చూడండి. శాసనం ఉంటే ఎవరు ఎవరి మేలు కోరి ఇచ్చారో అడిగి తెలుసుకోండి.