అబద్ధపు జత బట్టలు

మా ఇంట్లో జరిగిన ఒక సంగతితో ఈ వ్యాసం మొదలుపెట్టక తప్పడం లేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయితే జుమా నాడు మింబరు మీద నిలబడి వ్యాపారంలో మోసం గురించి ప్రజలకు బోధించే మేము, సొంతింటి సంగతి దాచిపెట్టి రాస్తే అదీ ఒక మోసమే అవుతుంది.

మా మరదలి నికాహ్ దగ్గరపడింది. మా ఇల్లాలికి చేతిసంచి కావలసివచ్చి హైదరాబాదు పాతబస్తీలో ఒక దుకాణానికి వెళ్ళాం. దుకాణదారు లోపలి అర నుంచి ఒక సంచి తీసి చూపించాడు. దాని మీద పారిస్‌కు చెందిన లూయీ విటాన్ కంపెనీ అక్షరాలున్నాయి. "అసలుది లక్ష పైమాటే మౌలానా! ఇది ఫస్ట్ కాపీ. ఎవరూ పోల్చుకోలేరు" అన్నాడు. పద్దెనిమిది వందలు చెబితే, బేరమాడి పదిహేను వందలకు తెచ్చుకున్నాం. ఇందులో తప్పేముందో అప్పుడు మాకు తోచలేదు. అమ్మినవాడు అబద్ధం చెప్పలేదు, కొన్న మేము మోసపోలేదు.

వలీమా నాడు, దుబాయి నుంచి వచ్చిన బంధువు ఒకావిడ ఆ సంచిని చేతిలోకి తీసుకుని చూసి, "మాషాఅల్లాహ్! అసలుదేనా? భాయిసాబ్ కొనిచ్చారా?" అని అడిగింది. మా ఇల్లాలు నవ్వి ఊరుకుంది. ఇంటికి వస్తూ ఆటోలో, "నేను అబద్ధమేమీ చెప్పలేదు కదండీ?" అంది. "లేదు" అన్నాం మేము. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా ఇద్దరిలో ఎవరూ మాట్లాడలేదు.

హజ్రత్ అస్మా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ వచ్చింది. దైవప్రవక్త (స) సన్నిధికి ఒక స్త్రీ వచ్చి, తనకు సవతి ఉందని, భర్త ఇవ్వనిదాన్ని ఇచ్చినట్లు ఆమె ముందు చూపించుకుంటే పాపమా అని అడిగింది. తనకు దక్కనిదాన్ని దక్కినట్లు ప్రదర్శించుకునే వ్యక్తి అబద్ధపు బట్టలు రెండు తొడుక్కున్నవాడితో సమానమని ఆయన సెలవిచ్చారు. రెండు బట్టలెందుకు? అరబ్బులు ఒంటికి ధరించేవి రెండు వస్త్రాలు, కాబట్టి తల నుంచి కాలి దాకా అబద్ధమే అని కొందరు వ్యాఖ్యాతలు వివరించారు. ఇంకొందరు మరో మాట చెప్పారు: అబద్ధపు సాక్ష్యం కావలసి వచ్చినప్పుడు ఒక మనిషికి మంచి బట్టల జత తొడిగి తీసుకుపోయేవారట, ఆ బట్టలు చూసి అతని సాక్ష్యం నమ్మేవారట.

ఈ హదీసు మేము దౌరా సంవత్సరంలో చదువుకున్నాం. పిల్లలకు పాఠం కూడా చెప్పాం. సంచి కొన్న రోజున మాత్రం అది గుర్తుకు రాలేదు! ఆ స్త్రీ ప్రశ్నలోనూ నోటితో చెప్పే అబద్ధం ప్రస్తావన లేదు. చూపించుకోవడం మాత్రమే ఉంది. దుకాణంలో మోసం జరగలేదన్నది నిజమే. మోసం వలీమాలో జరిగింది. "ఎవరూ పోల్చుకోలేరు" అని దుకాణదారు అన్నప్పుడే ఆయన మాకు అమ్మిందేమిటో మేము గ్రహించి ఉండవలసింది.

అందమైన వస్తువు మీద మనసు పడటం తప్పు కాదు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం అహంకారమా అని అడిగిన వ్యక్తికి, అల్లాహ్ సౌందర్యాన్ని ప్రేమించేవాడని దైవప్రవక్త (స) జవాబిచ్చారు. ఆ పదిహేను వందలకు పేరు లేని గట్టి తోలు సంచి వచ్చేది. మాకు కావలసింది సంచి కాదు, ఆ అక్షరాలు.

ఆ అక్షరాలకూ ఒక చరిత్ర ఉంది. 1854లో మొదలైన ఆ కంపెనీ పెట్టెలను ఇతరులు అనుకరిస్తుండగా, వ్యవస్థాపకుడి కుమారుడు 1896లో ఈ అక్షరాల అల్లికను తయారుచేయించాడు. నకిలీలను అడ్డుకోవడం అందులో ఒక ఉద్దేశం. నేడు నకిలీకి అడ్డంగా దొరికింది ఆ అల్లికే. ఇది ఒక్క సంచితో పోయే వ్యవహారం కూడా కాదు. 2019లో ప్రపంచ దేశాల మధ్య సాగిన నకిలీ సరుకుల వ్యాపారం విలువ సుమారు 46,400 కోట్ల డాలర్లని, అది ప్రపంచ వాణిజ్యంలో రెండున్నర శాతమని అంతర్జాతీయ సంస్థల అంచనా.

"వాళ్ళు కోటీశ్వరులు, మన పదిహేను వందలతో వాళ్ళకేం పోతుంది?" అని అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. హజ్రత్ షుఐబ్ (అలై) మద్యన్ వాసులకు తూకాల గురించి చెబుతూ, ప్రజలకు వారి వస్తువులను తగ్గించి ఇవ్వవద్దని కూడా చెప్పారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆ ప్రజలు పేదలైతేనే అన్న షరతు అక్కడ లేదు. పేరు, గుర్తు వంటి చేతికి తగలనివి ఆస్తి అవుతాయా అన్న విషయంలో ఉలమాల మధ్య చర్చ జరిగిన మాట వాస్తవమే. అయితే 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ, వ్యాపార నామాలు, ట్రేడ్‌మార్కులు వాటి సొంతదారుల హక్కులని, వాటిని అతిక్రమించడం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కూడా దొంగ గుర్తుతో సరుకు అమ్మడాన్ని శిక్షార్హమైన నేరంగా పేర్కొంటోంది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మోసం గురించి మేము ప్రసంగించిన ఒక జుమా తర్వాత, నమాజుకు వచ్చే యువకుడు ఒకడు మమ్మల్ని పక్కకు పిలిచాడు. తండ్రి పోయాక బండి మీద సంచులు, బెల్టులు అమ్మి ఇల్లు నడుపుతున్నాడు. "నేను కాపీ అని చెప్పే అమ్ముతాను మౌల్వీసాబ్! ఎవరినీ మోసం చేయను. నా సంపాదన హలాలేనా?" అని అడిగాడు. ఆ సంచి అప్పటికింకా మా బీరువాలోనే ఉంది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. వారం గడువు అడిగాం.

ఆ రాత్రి మా ఇల్లాలు బ్లేడు తీసుకుని సంచి మీది ఇత్తడి అక్షరాలు ఊడదీసింది. గుడ్డ మీది అచ్చు పోదు కదా, దాని మీద నల్లగుడ్డ వేసి కుట్టింది. ఎవరికైనా దానమిద్దామని మేమంటే, "ఈ అబద్ధాన్ని ఇంకొకరి చేతికి ఎందుకివ్వడం?" అంది. మా చదువుకు తట్టని మాట అది! మర్నాడు దుబాయి ఆపాకు తనే ఫోను చేసి, "అది నకిలీది ఆపా, ఆ రోజు చెప్పలేకపోయాను" అంది. అవతలి నుంచి ఏం వినబడిందో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు.

వారం తర్వాత ఆ యువకుడికి ముందు మా సంగతి చెప్పి, తర్వాత జవాబు చెప్పాం. కాపీ అని చెప్పడం వల్ల కొన్నవాడి పట్ల అతను నిజాయితీగానే ఉన్నాడు. అయితే ఆ గుర్తు అతనిది కాదు, దాన్ని అమ్ముకునే హక్కూ లేదు. పైగా, కొన్నవాడు దాన్ని ఎవరి ముందు ఎందుకు చూపిస్తాడో అతనికి ముందే తెలుసు. ఇక మీదట గుర్తు లేని సరుకు తెచ్చుకోమన్నాం. అతను తలూపి, "అప్పు చేసి తెచ్చిన సంచులు ఇంకా నలభై ఉన్నాయి, వాటినేం చేయమంటారు?" అన్నాడు. కూఫాలో బట్టల వ్యాపారం చేసిన ఇమాం అబూ హనీఫా (రహ్మ) గురించి అతనికి చెప్పాం. ఆయన భాగస్వామి లోపమున్న బట్టను ఆ లోపం చెప్పకుండా అమ్మేస్తే, వచ్చిన సొమ్మంతా ఆయన దానం చేసేశారని చరిత్రకారులు రాశారు. అతను శ్రద్ధగా విని, "ఆయనకు అప్పు లేదు కదా మౌల్వీసాబ్!" అన్నాడు.

మేము మస్జిద్ పెద్దలతో మాట్లాడాం. అతని అప్పు తీరడానికి పదకొండు వేలు వడ్డీ లేని రుణంగా సమకూరింది. సంచుల మీది అక్షరాలు ఊడదీయడానికి, అచ్చు మీద గుడ్డ కుట్టడానికి మా ఇంట్లో రెండు ఆదివారాలు పట్టింది. ఒక్కొక్కటి రెండు వందల యాభైకి అమ్ముతున్నాడు. ఇది రాసే నాటికి ఇంకా పదిహేడు మిగిలాయి.