సీనాయి కొండమీది చిన్న పువ్వు

ధ్యాన భాగములు: నిర్గమకాండము 34:1–3, లేవీయకాండము 25:1–7



సీనాయి అనగానే మనకు ఉరుములు, మెరుపులు, పొగ, రాతి పలకలు జ్ఞాపకమునకు వచ్చును. అక్కడ పువ్వు పూయునని ఎవరు తలంతురు? అయినను ఐగుప్తులోని సీనాయి ద్వీపకల్పములో, మోషే కొండ అని పూర్వమునుండి పిలువబడుచున్న శిఖరము చుట్టుపట్ల, లోకములో మరెక్కడను తనంతట తాను పెరుగని ఒక మొక్క కలదు. దాని పేరు సీనాయి ప్రిమ్‌రోజ్. శాస్త్రజ్ఞులు దానిని ప్రిములా బోవియానా అందురు. ఆకులు తెల్లని పిండి చల్లినట్లుండును. కాడమీద అంతస్తులుగా పసుపుపచ్చని పూలు పూయును.

ఎడారిలో తడి కోరు మొక్క ఎట్లు బ్రతుకుచున్నది? అక్కడి కేథరీన్ కొండ ఐగుప్తులోకెల్ల ఎత్తైనది. 2,600 మీటర్లకు మించినది. శీతకాలమందు కొన్నిమారులు అక్కడ మంచు కురియును. ఆ నీరు బండల నెరియలలో ఇంకి, క్రింద చెమ్మగా ఊరును. ఆ చెమ్మ యొద్ద, నీడపట్టున, ఈ మొక్క వేరు దన్నును. ఊట ఎండినయెడల మొక్కయు ఎండును. మనుష్యులు లేని చోట వాన కురిపించి పచ్చిక మొలిపించువాడెవడని దేవుడు యోబును అడిగిన మాట (38:26–27) ఇక్కడ కన్నులార కనబడుచున్నది.

ఇప్పుడీ మొక్క గండములో నున్నది. కొండలలో ఎదిగిన మొక్కలు 200కు లోపే యున్నవని పరిశోధకులు వ్రాసిరి. ఒక చిన్న సంఘములో ఆదివారము కూడు జనముపాటి లెక్క! అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారి ఎర్ర జాబితాలో ఇది అత్యంత ప్రమాదస్థితిలో నున్నదానిగా చేర్చబడినది.

కారణములు పెక్కు. వానలు తప్పుచున్నవి. వచ్చినప్పుడు ఒక్కసారిగా వరదయై మొలకలను కొట్టుకొని పోవును. మేకలు, గాలికి తిరుగు గాడిదలు మేయుచున్నవి. మందుకొరకు పెరికివేయువారును కలరు. అదియు గాక, ఈ పువ్వు తన పుప్పొడితోనే తాను విత్తనము పట్టును. ఒంటరిగా నున్నదానికి అది కొంత మేలే. గాని అక్కడక్కడ విడిపోయిన గుంపులలో తరతరములు అట్లే జరిగినందున మొక్కలలో వైవిధ్యము తగ్గి, క్రొత్త కష్టమును ఓర్చు శక్తి సన్నగిల్లును.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. మేకలవాడు బీదవాడు కదా. పువ్వు కొరకు వాని బిడ్డల పాలు మాన్పవలెనా? న్యాయమైన ప్రశ్నయే. ఆ కొండలలో కాపురమున్న జబాలియా అను అరబ్బు తెగవారి పెద్దలు కూడి, ఫలాని లోయలోనికి ఇన్ని నెలలు మందలను తోలరాదని కట్టుబాటు చేసికొనుట పూర్వాచారము. దానిని హిల్ఫ్ అందురు. మంద చావదు, వేరొక లోయలో మేయును. మొక్క విత్తనము రాల్చుకొనును. పువ్వును మేకలవానిని కలిపి బ్రతికించు ఉపాయమిది.

ఆ కొండ యెదుట మందలను మేపవద్దని దేవుడు మోషేతో సెలవిచ్చెను. అది పరిశుద్ధత కొరకు చెప్పబడినది గాని మొక్కల కొరకు కాదు. అయినను, ఇక్కడ వద్దు అను మాట విని మందను మరలించుట దేవుని ప్రజలు అక్కడనే నేర్చుకొనిరి. ఏడవ యేట భూమికి విశ్రాంతి నియ్యవలెనను ఆజ్ఞయు సీనాయి కొండమీదనే ఇయ్యబడెనని లేవీయకాండము స్పష్టముగా చెప్పుచున్నది. ఆ యేట తనంతట పండినది ఎవరికి? దాసునికి, దాసికి, కూలివానికి, పశువులకు, అడవి మృగములకు సహితము. భూమికి విశ్రాంతి నిచ్చిన దేవుడు బీదవానిని మరువలేదు. విశ్రాంతి పేరట బీదవానిని పస్తుంచువాడు ఆజ్ఞలో సగమే చదివినవాడు; బీదవాని పేరు చెప్పి నేలను గొరిగివేయువాడును అంతే.

ఐగుప్తు ప్రభుత్వము 1988లో ఆ కొండసీమను రక్షిత ప్రాంతముగా ప్రకటించెను. 2002లో అది ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడెను. కొన్ని తావులలో కంచెలు కట్టిరి. కంచె మేకను ఆపును గాని వానను తేజాలదు. కనుక మనుష్యుడు చేయగలది చేసి, మిగిలినదానికై కనిపెట్టవలెను.

నేడుండి రేపు పొయ్యిలో వేయబడు గడ్డి కదా, దానికింత చింత ఎందుకని కొందరందురు. ప్రభువు దానిని తృణీకరించుటకు ఆ మాట చెప్పలేదు (మత్తయి 6:28–30). అట్టిదానికి సహితము దేవుడు అలంకారము తొడిగెనని చెప్పెను. చూచువారు లేని బండ నెరియలో ఆయన తొడిగిన వస్త్రమును ఒలుచుటకు మనమెవరము?

మన యూళ్లలోను ఉమ్మడి మేత బీళ్లున్నవి, చెరువు గట్లున్నవి. ఫలాని చోట విత్తు రాలువరకు మేపవద్దని పెద్దలు ఏకమై చెప్పినయెడల, మొదట మన మందనే మరలింతము. బీదవాని మేకలకు వేరొక తావు మనమే చూపుదము. సీనాయి దేవుడు మనకట్టి మనస్సు దయచేయును గాక. ఆమేన్.