గాయానికి సిగ్గు కొలత కాదు

సిగ్గు ధర్మంలో భాగమే. పరాయి చూపు నుంచి అది మనిషిని కాపాడుతుంది. కానీ మర్మాంగం మీద చిన్న గాయమైన మగవాడు వైద్యుడి దగ్గర కూడా దాన్ని దాచుకుంటే, అది మర్యాద అవుతుందా? సుశ్రుత సంహిత ఈ సంకోచాన్ని ఎప్పుడో దాటేసింది. ముందుచర్మం చిరిగితే అవపాటిక, వెనక్కి జరిగి ఇరుక్కుంటే పరివర్తిక అని పేర్లు పెట్టి, లక్షణాలూ చికిత్సా చెప్పింది. వాటిని చిన్న జబ్బుల్లో చేర్చిందే గాని చెప్పరానివాటిలో చేర్చలేదు. బుద్ధి, నిగ్రహం, జ్ఞాపకం తప్పి చేసే చెడు పనిని చరకుడు ప్రజ్ఞాపరాధం అన్నాడు, ఒంటికి పుట్టిన వేగాలను బిగబట్టడాన్నీ అందులోనే లెక్కగట్టాడు. మంట పుడుతుందని మూత్రం ఆపుకుంటూ నోరు విప్పకుండా తిరిగేవాడు చేసేది అచ్చంగా అదే.

అయితే ప్రతి గీతకూ ఆస్పత్రికి పరుగెత్తాలా? అక్కర్లేదు. పైచర్మం కాస్త గీరుకున్నా చిరిగినా, శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమిపట్టి, రోజూ మంచినీళ్లతో కడిగి, మానేదాకా పొందుకు దూరంగా ఉంటే చాలావరకు కొద్దిరోజుల్లో అదే మానుతుంది. సున్నమో పసరో పూస్తేనే చేటు. ఇదే గాయం ముంజేతికి అయితే చూపించుకునేవాడినా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి. అవునంటే ఇక్కడా చూపించుకోవాలి. ఈ పరీక్ష కూడా అన్నిచోట్లా చాలదు, ఎందుకంటే చేతికైతే రేపటిదాకా ఆగే వాపు ఇక్కడ ఆగదు. వెనక్కి పోయిన చర్మం ముందుకు రాకపోయినా, టప్పుమన్న చప్పుడుతో అంగం వాచి కమిలినా, మూత్రంలో నెత్తురు పడినా, మూత్రమే రాకపోయినా ఆ గంటలోనే బయల్దేరాలి. వృషణంలో ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి వచ్చినా అంతే; వృషణం మెలిపడి ఉంటే, దాన్ని కాపాడుకునే వ్యవధి సుమారు ఆరు గంటలే. చర్మం మళ్లీ మళ్లీ చిట్లుతుంటే షుగరు పరీక్ష చేయించుకోవాలి.

దేహం నిలిచేది కాదు, దానికింత చింత ఎందుకనే వారుంటారు. ఆ వైరాగ్యమే పాడిన వేమన సమాధి ఉన్న కటారుపల్లి పాత అనంతపురం జిల్లాదే, ఆ మాట ఈ సీమకు కొత్త కాదు. కానీ దేహ మోహం వదలమన్న బుద్ధుడే, మలమూత్రాల్లో పడివున్న రోగి భిక్షువు మీద తానే నీళ్లు పోసి, శిష్యుడు ఆనందుడితో కలిసి శుభ్రం చేశాడని వినయ పిటకం చెబుతుంది. వైరాగ్యానికీ నిర్లక్ష్యానికీ పొత్తు లేదు. ఇంతకంటే బరువైన అభ్యంతరం కూలిది. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిన ఏడు బెంగళూరుకు వలసపోయే మనిషికి ఆస్పత్రిలో ఒక పూట అంటే ఒక పూట కూలి. ఆ నష్టం నిజం. అందుకే బాధ్యతంతా అతని మీదే వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. పల్లె ఆరోగ్య కేంద్రంలో ఒక తెర, చూసేందుకు ఒక మగ వైద్యుడో సిబ్బందో, పదిమందిలో కారణం అడగని చీటీ ఉంటే, అతని సిగ్గుకు దక్కాల్సిన గౌరవం అక్కడే దక్కుతుంది.